కన్ను పెట్టని చిలుక

మా అన్నా నేనూ సూది పట్టిన మగవాళ్ళం. ఈ మాట చెప్పుకోవడానికి నాకు అప్పుడూ సిగ్గు లేదు, ఇప్పుడూ లేదు. సిగ్గంతా మా మేనత్తదే. "ఇద్దరు మొగోళ్ళూ ఆడోళ్ళ మాదిరి చిలకలు కుట్టుకుంటా కూసుంటే ఈ కొంపకు పిల్లనెవురిస్తారు?" అని వచ్చినప్పుడల్లా దెప్పేది. అన్నకు పిల్లనిచ్చారు. వదిన కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే అన్న ఆమె రవిక చేతులకు మల్లెమొగ్గలు కుట్టిపెట్టాడు. దాంతో మేనత్త నోరు మూతపడిందా అంటే, పడలేదు.

మా ఊరు పూతలపట్టుకు నడిచి వెళ్ళేంత దూరం. నాయన చెరకు తోటల్లో బెల్లం వండేవాడు. నేను ఊరి బడిలో అయ్యవారిని. అన్న దర్జీ. మాకు కుట్టు నేర్పింది మాత్రం నాయన కాదు, నగరిలో మగ్గం నేసే తాత. నాయన చిన్నప్పుడే మగ్గం వదిలేసి వచ్చాడు. మేము కుట్టుకుంటుంటే ఒక్కసారి కూడా దగ్గరికొచ్చి చూసేవాడు కాదు. సూది కనబడితే మొహం తిప్పుకునేవాడు. ఆయన ఎడమ మణికట్టు మీద పెద్ద మచ్చ ఒకటి ఉండేది. బెల్లం పెనం కాలిందని అనుకునేవాళ్ళం.

అన్నది ఎడమ చేతివాటం. కుడిచేత్తో కుడితే పోగు ఒకవైపు వాలుతుంది, ఎడమచేత్తో కుడితే ఇంకోవైపు వాలుతుంది. అందుకని అన్న కుట్టిన ఆకును ఇంట్లో ఎవరైనా గుర్తుపట్టేవారు. ఇంకో సంగతి, అన్న దారానికి ముడి వేసేవాడు కాదు. కొసను కుట్ల కిందికే దూర్చేసేవాడు. గుడ్డ తిప్పి చూస్తే ముందు ఎంత శుభ్రమో వెనకా అంతే శుభ్రం. నాకు ఆ నేర్పు ఎన్నేళ్ళకూ రాలేదు. ముడి వెయ్యకపోతే నా కుట్టు ఊడిపోయేది.

తాత పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పక్షిని కుట్టేటప్పుడు కన్ను చిట్టచివర పెట్టాలి, మొదలుపెట్టిన చెయ్యే పెట్టాలి. మొదలుపెట్టినవాడు చనిపోతేనే ఇంకొకరు ఆ కన్ను పెట్టేది. తాత పోయినప్పుడు ఆయన వదిలిపోయిన నెమలికి అన్నే కన్ను పెట్టాడు.

యుద్ధం రోజులవి. అన్న పట్టాళంలో దర్జీగా చేరి బర్మా వైపు వెళ్ళాడు. వెళ్ళేనాటికి చట్రం మీద ఒక చిలుక ఉంది. ఒళ్ళంతా పచ్చపట్టుతో నిండింది. దాని కింద కొమ్మకు ఆరు ఆకులు గీతలుగా మిగిలాయి. కన్ను ఉండాల్సిన చోట తెల్లటి గుడ్డ కనబడుతోంది. "వచ్చినాక కన్ను పెట్టి, అలిపిరి కాణ్ణించి నడిచిపోయి స్వామికిచ్చొస్తాను. అందాకా ఎవురూ తాకొద్దండి" అని వదినకు చెప్పి బొగ్గుతో నడిచే బస్సెక్కాడు. వదిన ఆ చట్రాన్ని నడిమింట్లో గోడకు తగిలించింది.

రెండేళ్ళకు తంతి వచ్చింది. చనిపోయాడని లేదు, కనబడటం లేదని ఉంది. ఏడాది చూశాం. మేనత్త వచ్చి కూర్చుంది. దర్భలతో బొమ్మ చేసి దహనం చేయాలంది, కోడలి బొట్టు తీయాలంది, లేకపోతే ఇంటికి అరిష్టమంది. పెద్దల అమావాస్య దాటాక చేద్దామని అమ్మ కూడా తలూపింది. వదిన మాత్రం గోడ వైపు చూపించి, "ఆ చిలక్కి కన్ను పెట్టిందాకా నా బొట్టు జోలికి రావద్దండి" అంది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు.

అప్పుడే నాకొక పాడు బుద్ధి పుట్టింది. అన్న బతికే ఉన్నాడని ఇంటివాళ్ళు నమ్మితే ఆ తంతు ఆగుతుంది కదా అనుకున్నాను. బడిలో పిల్లలు అన్నాలకు వెళ్ళాక ఎడమచేత్తో కుట్టడం నేర్చుకున్నాను. వేళ్ళన్నీ పోట్లే. ఒక మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు మొదటి ఆకు నింపి, చట్రం మళ్ళీ గోడకు తగిలించాను. వెనక ముడి ఉంది. గోడవైపు ఉండే వెనకభాగాన్ని ఎవరు చూస్తారులే అనుకున్నాను.

వదిన ఆ ఆకు ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు. "ఆయన చేతిదే" అంది. ఆమె ముఖం వెలిగింది. కానీ నేను అనుకున్నది వేరు, జరిగింది వేరు. మేనత్త గుండెలు బాదుకుంటూ, "సచ్చినోడు తిరగతా ఉండాడు! అమావాస్య దాకా ఆగొద్దు, బిన్నే కానియ్యండి!" అని అరిచింది. అమ్మ గడపకు వేపమండలు కట్టింది. మధ్యాహ్నమైతే అందరూ ఇల్లు వదిలి పక్కింటి పంచన కూర్చునేవారు. వదిన ఒక్కతే లోపలికీ బయటికీ తిరిగేది. పదిరోజులు పోయాక రెండో ఆకు కూడా నేనే కుట్టాను. వదిన కళ్ళలో ఆ వెలుగు చూశాక చెయ్యి ఆగలేదు.

నెల తిరిగేసరికి మూడో ఆకు నిండింది. అది నేను కుట్టలేదు.

దగ్గరికి వెళ్ళి చూశాను. పోగులు ఎడమకే వాలి ఉన్నాయి. గుడ్డకు గుచ్చిన సూదిలో దారం వేలాడుతోంది. దాని కొస తడిగా ఉంది, ఎవరో అప్పుడే నోట్లో పెట్టుకుని తీసినట్టు. బయట ఎండ భగభగలాడుతోంది, కాకి కూడా అరవడం లేదు. కన్ను లేని ఆ చిలుక తెల్లటి చోటుతో నన్నే చూస్తున్నట్టనిపించింది. నేను చేసిన దొంగపనికి అన్నే వచ్చి జవాబు చెప్పాడనుకున్నాను. నాలుగో ఆకు వచ్చింది. అయిదోది వచ్చింది. బడిలో ఎక్కం చెబుతూ మధ్యలో ఆగిపోయేవాణ్ణి. నిజం చెప్పేస్తే వదిన బొట్టు పోతుంది. చెప్పకపోతే ఇంట్లో ఏం తిరుగుతోందో తెలియదు.

ఆగలేక ఒకరోజు బడి ముందే వదిలిపెట్టి ఇంటికొచ్చాను. నడిమింట్లో చట్రం ఒళ్ళో పెట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నాయన. ఎడమచేతిలో సూది. కుట్టడం లేదు, బిగుసుకుపోయి ఆకుల్నే చూస్తున్నాడు.

నన్ను చూసి ఆయన ఉలిక్కిపడలేదు. మణికట్టు మీది మచ్చ చూపించాడు. "నాదీ ఎడమ చెయ్యేరా. మగ్గానికి పనికిరాదని మీ తాత ఈడ వాత పెట్టినాడు. ఆ పొద్దే సూదీ ఇడిసినా, ఆ ఊరూ ఇడిసినా. మీరు కుట్టుకుంటా ఉంటే సూసేదానికి నాకు పానం పట్టేది కాదు" అన్నాడు. చట్రం మీద చెయ్యి వేశాడు. "మొదటి ఆకు సూసి వాడే వచ్చినాడని నమ్మినా. రెండు ఆకులైనాక ఇంగ రాలేదు. కోడలు దినామూ వచ్చి సూసి పోతా ఉంటే ఉండబట్టలేక నేనే కుట్టినా."

"ఆ రెండూ నేను కుట్టినవి నాయనా" అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. చట్రం నా వైపు తిప్పాడు. "నేను కుట్టింది మూడు. ఆరోది కుడదామని ఇప్పుడు దించితే, నిండిపోయి ఉండాది. ఇదీ నువ్వేనా?"

నేను కాదు.

వెనక గాజుల చప్పుడైంది. వదిన తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. వచ్చి చట్రం తీసుకుని వెనక్కు తిప్పింది. ఒక్కో ఆకు మీదా వేలు పెట్టి తడుముతూ వెళ్ళింది. ముడి, ముడి, ముడి, ముడి, ముడి. ఆరో ఆకు దగ్గర వేలు ఆగింది. దానికి ముడి లేదు. వెనకవైపు కూడా ముందులాగే నున్నగా ఉంది.

నాయన లేచి నిలబడ్డాడు. "సూడు తల్లీ, వాడు బతికే ఉండాడు!" అన్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు.

వదిన ఆయన వైపు జాలిగా చూసింది. "బతికుంటే నా కాడికి రాకుండా ఆకు కాడికి పోతాడా మామా?" అంది.

నాయన చేతిలో సూది అందుకుంది. ఎప్పుడూ సూది పట్టని మనిషి, మాకెవరికీ ఆపే ధైర్యం రాలేదు. ఎర్రపట్టు పోగు ఎక్కించుకుని, చిలుక్కి కన్ను పెట్టింది. వంకరగానే పెట్టింది. పెట్టి చట్రం గోడకు తగిలించి, "ఇంగ ఆ తంతు కానియ్యమని అత్తమ్మకు చెప్పండి" అని లోపలికి వెళ్ళింది.

మేనత్త అన్నాళ్ళు అరిచినా చేయలేని పని, వదిన బొట్టు కాపాడబోయి మేమిద్దరం చేశాం. యుద్ధం ముగిసింది. అన్న రాలేదు, ఆయన సంగతి తెలిసినవాళ్ళూ రాలేదు. ఆ గుడ్డ నా దగ్గరే ఉంది. ఒక్కోసారి అనుకుంటాను, నాయన కుట్టింది మూడు కాదేమో, నాలుగేమో, ఆరోదాని ముడి ఊడిపోయిందేమో అని. ఆయన ఆ తరువాత చాలా ఏళ్ళు బతికాడు. నేను అడగలేదు.