పైబల్లల హెర్మెలిండా

తింకిపంపా ఊళ్లో ఎస్ట్రెల్యా సినిమా హాలు చరిత్ర అచ్చేశారు. ముప్పై రెండు పేజీలు, నున్నటి కాగితం. హాలు కట్టించిన డాన్ లియోన్సియో దొర ఫోటోలు పదకొండు. ఆయన కుక్క ఫోటో ఒకటి. హెర్మెలిండా ఉస్కమైటా పేరు మాత్రం ఎక్కడా లేదు. పంతొమ్మిదో పేజీలో ఒక వాక్యం ఉంది: “పైబల్లల మీది మోటు జనం గోలను, ముఖ్యంగా గింజలమ్ముకునే ఒక ఆడమనిషి అరుపులను, డాన్ లియోన్సియో ఎంతో ఓర్పుతో భరించారు.”

ఆ ఆడమనిషి హెర్మెలిండాయే. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. బజారులో ఉడికించిన చిక్కుడు గింజల బుట్ట ముందు కూర్చుని ఆ వాక్యం రెండుసార్లు చదివింది. ఒళ్లు భగ్గున మండింది.

“ఓర్చాడట!” అంది పక్క బుట్ట పౌలీనాతో. “నా గొంతు మీద బతికినవాడు నన్ను ఓర్చాడటే!”

ఎస్ట్రెల్యాకు రెండు వాకిళ్లు. చౌకు వైపు వాకిలి బూట్లవాళ్లది, లోపల మెత్తటి కుర్చీలు. సందు వైపుది టైరు చెప్పులవాళ్లది. నిచ్చెన లాంటి చెక్కమెట్లెక్కితే పైన ఉత్త బల్లలు. అది ఊళ్లో ఎవరికీ తప్పుగా తోచేది కాదు, సిగ్గుపడాల్సింది అందుకే. పైవాళ్లకు తమ కెచువా భాష తప్ప మరో మాట రాదు, చదువూ రాదు. తెర మీద తెల్లవాళ్లు ఏదో మాట్లాడేవారు, కింద స్పానిష్ అక్షరాలు పరుగెత్తేవి.

హెర్మెలిండాకు స్పానిష్ వచ్చు, అక్షరాలూ వచ్చు. చిన్నప్పుడు పంతులమ్మ ఇంట్లో అంట్లు తోముతూ, ఆవిడ పిల్లలకు చెప్పే పాఠాలు వంటింటి గడపలోంచి చూసి, విని నేర్చుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం గింజలమ్మడానికి పైకెక్కితే ఒక ముసలాయన, “ఏమంటున్నాడమ్మా ఆ టోపీవాడు?” అనడిగాడు. కెచువాలో చెప్పింది. వెనకబల్ల వాళ్లు, “గట్టిగా చెప్పవే, మేమూ డబ్బులిచ్చే వచ్చాం!” అన్నారు. గట్టిగా చెప్పింది. ఇరవై రెండేళ్లు చెబుతూనే ఉంది. ప్రతిఫలంగా దొర చేసిందల్లా, ఆమెను టికెట్టు అడక్కుండా మెట్లెక్కనివ్వడమే.

ఒకసారి కింది కుర్చీలవాళ్లు చెవులు చిల్లులు పడుతున్నాయన్నారు. దొర మెక్సికో సినిమాలు తెప్పించాడు. “ఇందులో మాటలే స్పానిష్‌లో ఉంటాయి. చదివేదేం లేదు, ఇక నువ్వు రానక్కర్లేదు పో,” అన్నాడు. చదివేది లేకపోతే చెప్పేదీ ఉండదనుకున్నాడు మహానుభావుడు! తరతరాలుగా ఆ జనం చేతే పొలాలు దున్నించుకుంటూ, వాళ్లకు స్పానిష్ రాదన్న సంగతే ఆయన బుర్రకు తట్టలేదు. మూడు ఆదివారాలు పైబల్లల మీద పిల్లి కూడా లేదు. నాలుగో ఆదివారం ఆయనే బజారుకొచ్చి, బుట్ట ముందు నిలబడి, “రావే, హెర్మే,” అన్నాడు. అది పుస్తకంలో లేదు.

రెండో రీలు కన్నా ముందు మూడో రీలు ఎక్కించిన రోజు సంగతీ లేదు. చచ్చిపోయిన హీరో లేచొచ్చి పెళ్లి చేసుకున్నాడు. కిందివాళ్లు డబ్బులు వెనక్కిమ్మని మీదపడ్డారు. పైన మాత్రం హెర్మెలిండా తడుముకోకుండా, “వాళ్లమ్మ పాత రోజులు తలుచుకుంటోంది,” అంది. పైవాళ్లు కళ్లు తుడుచుకుంటూ ఇళ్లకు వెళ్లారు.

ఆమె పుస్తకం పట్టుకుని మునిసిపాలిటీకి వెళ్లింది. అక్కడ సాంస్కృతిక వ్యవహారాలు చూసే రెనాతో అనే కుర్ర ఉద్యోగి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

“ఈ మాట తీసేయండి. నా పేరు రాయండి. నేనక్కడ ఏం చేశానో రాయండి. అంతే.”

“అచ్చయిపోయింది కదా మామ్మా! రాసింది డాక్టర్ ఉంబెర్తోగారు, దొరగారబ్బాయి. ఖర్చూ ఆయనదే.”

“అయితే అబద్ధం నిజమవుతుందా?”

“కోప్పడకండి. మిమ్మల్నేం మరిచిపోలేదు. ఇన్నేళ్లు మూతపడ్డ హాలు ఆదివారం మధ్యాహ్నం మళ్లీ తెరుస్తున్నాం కదా, మీరు పాత పావడా కట్టుకుని, టోపీ పెట్టుకుని గింజల బుట్టతో గుమ్మంలో కూర్చోండి. ఫోటోల్లో భలే ఉంటుంది.”

“ఏ గుమ్మంలో?”

“సందు వైపుదే, మామ్మా.”

పుండు మీద కారం చల్లినట్టయింది. పళ్లు బిగబట్టి, “వస్తాను,” అంది.

వచ్చింది. బుట్టను గుమ్మంలో వదిలి, పుస్తకం శాలువాలో దోపుకుని, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కింది. బల్లల నిండా తన ఈడువాళ్లే. కింద కొత్త మఖమలు కుర్చీల్లో మేయరు, లాయర్లు, వాళ్ల భార్యలు. వేదిక మీద డాక్టర్ ఉంబెర్తో మైకు ముందు పుస్తకం తెరిచి స్పానిష్‌లో చదవసాగాడు.

“ఏమంటున్నాడే?” అంది పౌలీనా.

హెర్మెలిండా గొంతు సవరించుకుంది. ఆయన ఒక వాక్యం, ఆమె ఒక వాక్యం. కింద మెడలన్నీ వెనక్కి తిరిగాయి. తండ్రిని ఆయన పొగిడినంతా చెప్పింది, కుక్కతో సహా. పంతొమ్మిదో పేజీ వచ్చింది. డాక్టరు తలెత్తి పైకి చూశాడు. రెండు కాగితాలు ఒక్కసారే తిప్పేశాడు.

“డాక్టరుగారూ, ఒక పేజీ దాటేశారు,” అంది హెర్మెలిండా.

“టైము లేదమ్మా.”

“నాకుంది.”

లేచి నిలబడింది. పుస్తకం తెరిచి ఆ వాక్యాన్ని ముందు స్పానిష్‌లో చదివింది, కిందివాళ్లు కూడా తమవాళ్లు రాసింది తాము వినాలని. తర్వాత తనవాళ్లకేసి తిరిగి కెచువాలో చెప్పింది. మోటు జనాన్ని మోటు జనమనే చెప్పింది. ఇరవై రెండేళ్లలో ఏనాడూ వాళ్ల దగ్గర ఒక్క ముక్క దాచలేదు, ఇప్పుడూ దాచలేదు.

ముందుబల్ల మీది ఒక ముసలాయన మడమతో కాళ్ల కింది చెక్కపలకల మీద తన్నాడు. పూర్వం రీలు తెగితే పైవాళ్లు అలాగే తన్నేవారు. పక్కవాడు తన్నాడు. పౌలీనా తన్నింది. బల్లలన్నీ దద్దరిల్లాయి. కింద మఖమలు కుర్చీల మీద, మేయరు భార్య జుట్టులో దుమ్ము రాలింది. రెనాతో మెట్లెక్కి పరుగెత్తుకొచ్చి, “మామ్మా, ఆపమనండి!” అని చేతులు జోడించాడు.

“నన్నడుగుతావేం నాయనా? ఆ పుస్తకంలో నేనెవర్ని?”

కింద డాక్టరు మొహం కందగడ్డ చేసుకుని మైకులో ఏదో అరుస్తున్నాడు.

పౌలీనా తన్నడం ఆపకుండానే అడిగింది: “ఇప్పుడేమంటున్నాడే?”

హెర్మెలిండా చెవి పెట్టి విని, చివరిబల్లకు కూడా వినబడేలా చెప్పింది.

“కాస్త ఓర్చుకోమంటున్నాడు.”