పెద్దమ్మ ముడి

మొన్న ఆదివారం పొద్దున్నే సునీత ఫోన్ చేసింది. మామూలుగా అది ఫోన్ చేస్తే ముందు నన్ను నాలుగు తిట్టి, ఆ తరువాత విషయం చెబుతుంది. ఆ రోజు తిట్టలేదు. "పెద్దమ్మ పోయిందే," అంది. "పొద్దుగాల చాయ తాగి గోడకు ఒరిగి కూసున్నది. కోడలు కప్పు తీస్కపోదామని వస్తే పలకలే. గంతే." ఫోన్‌లో దాని గొంతు వెనక సాంచాల చప్పుడు లేదు. శుక్రవారం తప్ప ఎన్నడూ ఆగని మగ్గాలు అవి. పెద్దమ్మ కోసం మా చాల్ పక్క షెడ్డువాళ్లు ఆ పూటకు బంద్ పెట్టారట.

నేను ఉండేది కళ్యాణ్‌లో. అక్కడి నుంచి భివండికి ఆటోలో గంట కూడా పట్టదు. వెళ్లేసరికి పాడె కడుతున్నారు. తాడు బిగిస్తున్న కుర్రాడితో ఒక పెద్దాయన, "గట్టిగ కట్టురా, పెద్దమ్మ ముడి ఎయ్యకు," అన్నాడు. అనేశాక గానీ అక్కడ పడుకుని ఉన్నది ఎవరో ఆయనకు గుర్తు రాలేదు. నాలుక కరుచుకుని తల పక్కకు తిప్పుకున్నాడు. భివండి పద్మనగర్‌లో మా గల్లీవాళ్లకు అదొక సామెత. వదులుగా ఉన్న ప్రతిదీ, నిలవని ప్రతి మాటా పెద్దమ్మ ముడే. పదిహేనేళ్లుగా ఆ మాట నడుస్తోంది. అది ఎందుకు పుట్టిందో తెలిసినవాళ్లు ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. చాల్‌లో వరసగా ఉన్న గదుల్లో మా ఖోలీ, వాళ్ల ఖోలీ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. మా అమ్మ కంటే వయసులో పెద్దది కాబట్టి పెద్దమ్మ. కరీంనగర్ పక్క పల్లె నుంచి పెళ్లయిన ఏడాదే పెద్దబాపు వెంట భివండికి వచ్చింది. ఇంట్లో కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. కానీ ఆమె పేరు మోగింది ముడి దగ్గర. మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించినప్పుడు పాత పోగు ప్రతిదానికీ కొత్త పోగును ముడి వేసి కలపాలి. అవి వేలల్లో ఉంటాయి. ఒక్క ముడి జారినా బట్ట మీద గీత పడుతుంది. ఆ పని మగవాళ్లదే అయినా, తొందరగా కావాలన్నా, నికరంగా కావాలన్నా షెడ్డువాళ్లు పెద్దమ్మకే కబురు పెట్టేవారు. బొటనవేలు, చూపుడువేలు రెండు సార్లు కదిలేవి. అంతలో ముడి పడేది. ఎలా పడిందో కళ్లకు దొరికేది కాదు.

మాకు బడి సుట్టీలు వచ్చాయంటే పగలంతా ఆమె అరుగు మీదే. నేను, సునీత, ఎదురు చాల్‌లో ఉండే మరాఠీ పిల్ల మంగల్. సొంత ఇళ్లకు పడుకోవడానికే వెళ్లేవాళ్లం. పొద్దున మొక్కజొన్న రవ్వ ఉడికించిన మక్కగట్క, అందులోకి మామిడికాయ తొక్కు. పదకొండింటికి తాడ్‌గోలా బుట్ట వస్తే తాటిముంజలు. అవి ఒలిచి ఒలిచి మా గోళ్ల సందుల్లో పొట్టే ఉండేది. మధ్యాహ్నం సర్వప్ప. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లాకు కలిపి, సర్వ గిన్నె లోపల అంచుల దాకా ఒత్తి, వేలితో చిల్లులు పొడిచి నూనె వదిలేది. కాలే వాసన వస్తుంటే మేము మూడు తలలూ గడపలో పెట్టి కూర్చునేవాళ్లం. అడగడానికి మంగల్‌కు సిగ్గు. పెద్దమ్మ ఊరుకునేది కాదు. "నోరు తెరిసి అడిగితెనే కడుపు నిండుతది బిడ్డా. మొకం జూసి పెట్టనీకి నేనేమన్న దేవున్నా?" అనేది. అంటూనే మొకం చూసి పెట్టేది.

సర్వప్ప మాడిన అంచు మాత్రం మాది కాదు, కండెది. కండె అంటే కుక్క. పిల్లగా ఉన్నప్పుడు ఎక్కడి నుంచో వచ్చి కండెల బుట్టలో దూరి పడుకుందని ఆ పేరు పెట్టారు. గోధుమరంగు ఒళ్లు. ఒక చెవి నిలబడేది, ఒకటి పడుకునేది. మగ్గాల మోతలో పెరిగిన జీవం కాబట్టి మోత ఉంటేనే దానికి నిద్ర. శుక్రవారం సాంచాలు ఆగితే పిచ్చిపట్టినట్టు గడప గడపకూ తిరిగి ఏమైందని అడిగినట్టు మొకాలు చూసేది. "పో, దీన్కి కూడ సుట్టీ కలిసి రాదు," అని పెద్దమ్మ నవ్వేది.

మాకు పదకొండేళ్లున్న వేసవిలో కుక్కలు పట్టే బండి తిరుగుతోందని గల్లీలో మాట వచ్చింది. మెడలో పట్టా లేని కుక్కను ఎత్తుకుపోతారట. పెద్దమ్మ ఎర్ర నూలు ఏడు పేటలు కలిపి పేని, కండె మెడకు కట్టి ముడి వేసింది. అది చూసి నాకు నేర్పమన్నాను. నేను అడిగితే మిగతా ఇద్దరూ అడిగారు. ముగ్గురినీ కూర్చోబెట్టి తలా రెండు దారాలు ఇచ్చింది. "ఎయ్యి. ఇప్పుడు లాగు బిడ్డా. జారిందా? మల్ల ఎయ్యి. లాగేటప్పుడు భయపడొద్దు. జారేది ఉంటే నీ చేతులనే జారాలె, మగ్గం మీద కాదు."

సునీతకు రెండు రోజుల్లో వచ్చింది. నేతపని ముఖం చూడని ఇంటి పిల్ల మంగల్, దానికి కూడా వారంలో వచ్చింది. నాకు రాలేదు. ఓపిక నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు, కావాలంటే మా ఆయన్ని అడగండి. నేను వేసిన ముడి లాగితే చాలు, నవ్వినట్టు విడిపోయేది. వాళ్లిద్దరూ పగలబడి నవ్వేవారు. "రాని పనికే తొందర ఎక్కువ," అని పెద్దమ్మ నా నెత్తిన మొట్టేది. నొప్పి లేని మొట్టికాయే. అయినా నా ఒళ్లు మండేది.

ఒకరోజు మధ్యాహ్నం తిండ్లు అయ్యాక పెద్దమ్మ తడి తువ్వాలు మొహాన వేసుకుని లోపల నడుం వాల్చింది. ఆకుదొన్నెలో కర్వందాలు, మన వాక్కాయల్లాంటి నల్లటి పండ్లు, పట్టుకుని సునీత, మంగల్ డాబా గచ్చి మీదికి పోయారు. నేను నీళ్లు తాగి వస్తానని కిందే ఉన్నాను. అప్పటికే ఎర్ర నూలుతో నేనూ ఒక పట్టా పేని దాచుకున్నాను. కండె అరుగు కింద పడుకుని ఉంది. దాని మెడలో ముడి విప్పబోయాను. గోళ్లతో లాగినా, పళ్లతో కొరికినా రాలేదు. దారాల కత్తెర తెచ్చి ముడికి పక్కన పట్టాను కత్తిరించాను. నా పట్టా కట్టి నా ముడి వేశాను. పెద్దమ్మ లేచాక, "సూడు, గిది నేను ఏసిన ముడి. నువ్వు పండుకున్నప్పటి నుంచి ఉన్నది, జారలే," అని చెప్పాలని నా ఆశ. కత్తిరించిన పట్టాను గౌను జేబులో కుక్కుకున్నాను.

వేశాక లాగి చూడలేదు. మరిచిపోయి కాదు. లాగితే జారుతుందని నాకు తెలుసు.

గచ్చి మీద మూతులు ఊదారంగు అయ్యేదాకా కర్వందాలు తిన్నాం. గింజలు ఎవరివి ఎంత దూరం పడతాయో పందెం వేసుకున్నాం. కింద మగ్గాల మోత. ఆ మోతలో బండి వచ్చిందీ వినబడలేదు, కండె అరిచిందీ వినబడలేదు. మేము దిగేసరికి అరుగు ముందు జనం. ఎదురుగా కిరాణా కొట్టాయన చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. "గిది పెంచుకునే కుక్క అని మొత్తుకున్న వదినా. మరి పట్టా ఏదీ అన్నరు. ఏం జెప్తా?"

మురికి మోరీ పక్కన ఎర్ర పట్టా పడి ఉంది, ముడి విడిపోయి. పెద్దమ్మ వంగి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. కొసలను బొటనవేలితో రుద్దింది. పెద్దబాపు షెడ్డులోంచి పరుగెత్తుకుంటూ వచ్చి, "నువ్వు కట్టిందే గదా! ఎట్ల ఊడింది?" అన్నాడు. పెద్దమ్మ తలెత్తి నన్ను ఒకసారి చూసింది. జేబులో నా పిడికిలి బిగుసుకుని ఉంది.

"నా ముడే జారింది," అంది.

ఆమె మోసపోయిందనుకున్నాను. రెండూ ఎర్ర నూలే కదా, గుర్తుపట్టలేదులే అనుకున్నాను. ఏడ్చాను కూడా. అందరితో పాటు ఏడ్చే ఏడుపు అది, ఎవరికీ అనుమానం రాని ఏడుపు. పెద్దబాపు మూడు రోజులు సైకిల్ మీద తిరిగాడు. ఖాడీ వాగు అవతల వదిలేస్తారని ఒకరంటే అక్కడికి, ఇంకెక్కడో అంటే అక్కడికి. నాలుగో రోజు సైకిల్ గోడకు ఆనించి, "దొరకలే," అని కాళ్లు కడుక్కున్నాడు. నేను అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే కుక్క రాదు కదా అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. పదకొండేళ్లకే నాకు అంత లౌక్యం ఉండేది.

కుక్క రాదు, నిజమే. కానీ పోయింది కుక్క ఒక్కటే కాదు. ముప్పై ఏళ్లు ముడులు వేసిన చెయ్యి, కుక్క మెడలో ముడి నిలపలేకపోయిందని షెడ్డుల్లో నవ్వుకున్నారు. ఎవరి లుంగీ జారినా పెద్దమ్మ ముడి. ఎవరి సంబంధం చెడినా పెద్దమ్మ ముడి. పడుగు కలపడానికి వచ్చే కబుర్లు తగ్గాయి. కళ్లు మందగించాయేమోనని వాళ్లే మర్యాదగా తప్పుకున్నారు. ఒకసారి సునీత వాళ్లింట్లో బట్టల తాడు ఊడి తడిబట్టలన్నీ కింద పడ్డాయి. ఎవరో ఆ మాట అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చూస్తే పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో కండెల బుట్టతో. ఆమె కూడా నవ్వింది. నా జీవితంలో నేను సిగ్గుపడాల్సినవి చాలా ఉన్నాయి గానీ ఏవీ నేను నవ్విన ఆ నవ్వంత కాదు.

వానలు పడ్డాక నన్ను ఒక్కదాన్నే పిలిచి మళ్లీ దారాలు చేతికిచ్చింది. రోజూ బడి నుంచి వచ్చాక కూర్చోబెట్టేది. కసరలేదు, మొట్టలేదు. "లాగు బిడ్డా. జారిందా? మల్ల." దసరా నాటికి నాకు ముడి వచ్చింది. నోరే రాలేదు.

తరువాత చదువు, పెళ్లి, కళ్యాణ్. నాలుగేళ్ల కిందట ఒక మే నెల మధ్యాహ్నం వెళ్లాను. పెద్దబాపు అప్పటికే లేడు. నన్ను చూసి పెద్దమ్మ పొయ్యి ముందుకు జరిగి సర్వప్ప ఒత్తింది. చేతులు వణుకుతున్నా చిల్లులు వరసగానే పొడిచింది. కోడలు నాకు నీళ్లిస్తూ మూటేదో విడిపోతే, "మా అత్త ముడి గిది," అని సరదాకి అంది. పెద్దమ్మ పొయ్యి మీంచి చూపు తిప్పలేదు.

"నవ్వున్రి. నా ముడి ఇయ్యాల్టి దాంక ఒక్కటి జారలే."

"మరి కుక్కదేంది అత్తమ్మా?"

"ముడి జూస్తె ఎవల చెయ్యో ఎరుకైతది బిడ్డా. చేతిరాత లెక్కనే."

కోడలికి అర్థం కాలేదు. నాకు అయింది. ఆ రోజు మోరీ పక్కన పట్టా చేతిలోకి తీసుకున్న క్షణంలోనే ఆమెకు తెలుసు. గల్లీ అంతా నా మీద పడకుండా, తన పేరు తీసి అడ్డం పెట్టింది. ఆ తరువాత పదకొండేళ్లు నేను నోరు తెరుస్తానని చూసింది.

ఆమె నా పళ్లెంలో ఇంకో ముక్క వేసింది. మాడిన అంచు తుంచి గడప పక్కన పెట్టింది. అక్కడ తినేవాళ్లు ఎవరూ లేరు. చెయ్యికి అలవాటు. "నోరు తెరిసి అడిగితెనే కడుపు నిండుతది," అంది నా వైపు చూసి. "ఇంకింత ఏసుకుంటవా?"

ఆమె అడిగింది సర్వప్ప గురించి కాదని నాకు తెలుసు. కోడలు పక్కనే ఉంది. నోట్లో ముద్ద ఉంది. "చాలు పెద్దమ్మా," అన్నాను. ఆటో ఎక్కాక, ఈసారి ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చి కాళ్లు పట్టుకుని చెప్పాలని అనుకున్నాను. ఆ 'ఈసారి' రాకుండానే నాలుగేళ్లు గడిచాయి. గంట ప్రయాణం.

పద్మనగర్ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే దయచేసి మా గల్లీలో చదివి వినిపించండి. జారింది నా ముడి. లాగి చూడకుండా వదిలేసింది నేను. ఇకమీదట ఏదైనా వదులుగా ఉంటే నా పేరు పెట్టి నవ్వండి. పెద్దమ్మ పేరు వదిలేయండి.

కాష్టం దగ్గర నుంచి ఇంటికి వచ్చి స్నానం చేసి, బడినాటి కంపాస్ పెట్టె తీశాను. కత్తిరించిన పట్టా అందులోనే ఉంది. రంగు వెలిసి ఇటుకపొడిలా అయింది. పేటల మధ్య గోధుమరంగు వెంట్రుకలు నాలుగు ఇంకా ఇరుక్కుని ఉన్నాయి. కత్తెర పడిన చోట దారాలు చివికి ఊడుతున్నాయి. ముడి మాత్రం మిరియపు గింజలా గట్టిగా ఉంది. ఒక కొస కుడిచేతికి, ఒక కొస ఎడమచేతికి చుట్టుకున్నాను. లాగు బిడ్డా, భయపడొద్దు.

వేళ్లు తెల్లబడేదాకా లాగాను. జారలేదు పెద్దమ్మా.