ఎనిమిది వందలు చేతికి రావాలంటే

పెడన అద్దకం పనిలో నాగలక్ష్మి చేతికి పేరుంది. ముప్పై ఏళ్లుగా కలంకారీ దుప్పట్లకు అచ్చులు వేస్తోంది, వెంట్రుకవాసి తేడా రాదు. అంతటి మనిషిని నూటికి ఇరవై అనే చిన్న లెక్క మూడు చెరువుల నీళ్లు తాగించింది.

ఆవిడ దుప్పట్లను ఫోన్‌లో అమ్మిపెట్టే కంపెనీ, అమ్మిన ధరలో ఇరవై శాతం కమీషన్ పట్టుకుంటుంది. దుప్పటికి ఎనిమిది వందలు చేతికొస్తేనే గుడ్డ, రంగు, కూలి పోను పని చేసుకునే షెడ్డు అద్దె మిగులుతుంది. ఎనిమిది వందలకు ఇరవై శాతమంటే నూట అరవై. అదీ కలిపి తొమ్మిది వందల అరవై ధర పెట్టింది. తీరా ఖాతాలో పడింది ఏడు వందల అరవై ఎనిమిది! నలభై దుప్పట్ల మీద పన్నెండు వందల ఎనభై తరుగు. కంపెనీవాళ్లను దొంగలెక్కల వెధవలని ఫోన్‌లో దులిపేసింది. ఆ విద్యలోనూ ఆవిడది అందెవేసిన చెయ్యే. రెండో విడతా అంతే అయింది. రెండుసార్లూ అప్పు తెచ్చి అద్దె కట్టింది. ఇక అప్పు పుట్టదు. ఈసారి అద్దె తప్పితే షెడ్డు వేరేవాళ్లకిస్తానని యజమాని నరసింహారావు గారు తేల్చేశారు. షెడ్డు పోతే ముప్పై ఏళ్ల పనితనం ఇంకొకరి బల్ల దగ్గర కూలికి నిలబడాలి.

పక్కింటి షబీనా బందరులో లెక్కల టీచరు. నాగలక్ష్మి గోడు విని క్యాలెండరు కాగితం తిప్పి పెన్ను తీసింది.

"వాళ్లు మోసం చెయ్యలేదు పిన్నీ. నువ్వు ఎనిమిదొందల మీద ఇరవై కట్టావు. వాళ్లు మొత్తం ధర మీద పట్టుకున్నారు."

"ఆ ధరెంతో తెలిస్తేగా కట్టడానికి!"

"తెలీదు కాబట్టే దానికి ఎక్స్ అని పేరు పెడదాం. ఎక్స్‌ని నూరు వంతులు చెయ్యి. ఇరవై వాళ్లవి, ఎనభై నీవి. ఆ ఎనభై వంతులూ కలిపి ఎనిమిదొందలు. ఒక్కో వంతు ఎంత?"

"పది."

"మరి నూరు వంతులు?"

"వెయ్యి!" అంది నాగలక్ష్మి. వెయ్యిలో ఇరవై శాతం రెండొందలు, మిగిలేది ఎనిమిదొందలు. మూడుసార్లు వేళ్ల మీద సరిచూసుకుంది. తెలియనిదానికి ఒక పేరు పెట్టి, తెలిసినట్టే నడిపించి, చివరికి దాని నోటే నిజం చెప్పించడమా! ఏ మహానుభావుడికి తట్టిందో అనుకుని తెలియకుండానే దణ్ణం పెట్టింది.

అంతలోనే నుదురు కొట్టుకుంది. "ఓసినీ, ఇది గుడ్డ లెక్కే కదే! కోరా గుడ్డ ఉడికిస్తే పదో వంతు కురచవుద్ది. తొమ్మిది గజాలు కావాలంటే పది కొయ్యాలి. మా అత్తగారు పెళ్లైన కొత్తల్లోనే చెప్పింది. గుడ్డ దగ్గర ఎప్పుడూ తప్పలేదు, డబ్బు దగ్గర తప్పానేంటే!"

ఈసారి ఆశ్చర్యపోవడం షబీనా వంతయింది. తాను తరగతిలో నెల రోజులు చెప్పినా పిల్లలకు ఎక్కని లెక్క ఈవిడ చేతిలో ముప్పై ఏళ్లుగా ఉంది.

వెయ్యి రూపాయల చొప్పున నలభై దుప్పట్లూ అమ్ముడుపోయాయి. ముప్పై రెండు వేలు పడ్డాయి, రూపాయి తగ్గలేదు. ఆ సాయంత్రమే నాగలక్ష్మి అద్దె పట్టుకెళ్లింది.

నరసింహారావు గారు నోట్లు లెక్కపెట్టుకుని, "ఈసారి ఎవరు సర్దారు నాగలక్ష్మీ?" అన్నారు.

"ఎవరూ సర్దలేదండీ," అందావిడ. "నేనే లెక్క కట్టుకున్నాను."