ఒకే నంబరు, రెండు పొయ్యిలు

హసన్‌పర్తి దగ్గర ఒక కాలేజీలో సర్వే లెక్కలు చూడటం నా పని. వర్ధన్నపేట వైపు పత్తి పండించే ఊళ్లలో చేసిన సర్వేలో మా ఊరూ ఉంది. మగవాళ్లు చెప్పిన పంట వివరాలు ఒక ఫైలు, ఆడవాళ్లు చెప్పిన ఆరోగ్యం సంగతులు ఇంకో ఫైలు. రెంటినీ కలపాలి. పేర్లు తీసేశారు కనుక ఇంటి నంబరే ఆధారం.

ఫైలు మార్చేటప్పుడే సాఫ్ట్‌వేర్ సతాయించింది. ఇంటి నంబర్లను తేదీలనుకుంది. 4-12 కాస్తా డిసెంబరు నాలుగైంది. తిట్టుకుంటూ సరిచేసి, కలపమన్నాను. కలిపింది. మనుషులు అంతే ఉన్నారు, వరుసలు మాత్రం పెరిగాయి. అనుమానమొచ్చి మా ఇంటి నంబరు కొట్టి చూశాను. పేర్లు లేకున్నా వయసుల్ని బట్టి పోల్చుకున్నాను. మా అమ్మ పక్కన నాన్న ఉన్నాడు. కింది వరుసలో మళ్లీ మా అమ్మే, పక్కన చిన్నాయన! చిన్నమ్మకూ అదే భాగ్యం.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. మా వైపు అన్నదమ్ములు వేరుపడితే పొయ్యి వేరవుతుంది, ఇంటి నంబరు మారదు. మా వాళ్లు బోరు నీళ్ల వంతు దగ్గర మాటా మాటా పెరిగి వేరుపడ్డారు. అప్పట్నుంచి అమ్మా చిన్నమ్మా ఒకే వాకిట్లో ఎదురుపడినా మాట్లాడుకోరు. ఏదున్నా "మీ చిన్నమ్మకు చెప్పు", "మీ అమ్మకు చెప్పు" అంటూ నాతోనే నడిపిస్తారు. నాకది విసుగు, అంతకు మించి బాధ.

ఏ పంట ఏ పొయ్యిదో ఇంటింటికీ వెళ్లి మళ్లీ అడగాల్సి వచ్చింది. ఆదివారం మా ఇంటి నుంచే మొదలుపెట్టి, ఎందుకు అడుగుతున్నానో అమ్మకు చెప్పాను.

"నీ కంప్యూటర్ల మన్నువొయ్య!" అంది. తర్వాత నవ్వాపుకోలేక వాకిట్లోకి నడిచింది. నన్ను పంపకుండా, చిన్నమ్మ తలుపు వైపు తిరిగి తనే పిలిచింది.

"ఓ చెల్లే, ఇన్నవా? కంప్యూటర్ నీ మొగన్ని నాకు రాసిచ్చిందట!"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ నవ్వూ ఆగింది. అనవసరంగా చెప్పానని భయపడ్డాను.

"ఉంచుకో అక్కా! నాకు జర చాకిరి తప్పుతది," అంది చిన్నమ్మ లోపలి నుంచే.

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పూట అందరికీ చాయ్ చిన్నమ్మే పెట్టింది.

"పొయ్యిలు ఎన్నని రాస్తానవే?" అని గ్లాసు పట్టుకుని అమ్మ అడిగింది.

రెండని రాశాను. చాయ్ ఎవరి పొయ్యి మీద కాగిందో అడిగే గడి ఆ సర్వేలో లేదు.