బ్యాంకాక్‌లో నాకు జరగని ఆపరేషన్

ఆ రోజుల్లో మా బహ్రెయిన్ తెలుగువాళ్ళకి ప్రయాణమంటే రెండే రకాలు. సెలవు దొరికితే ఇంటికి, చెడ్డ కబురొస్తే ఇంటికి. (ఆ రోజులంటే మరీ పాతకాలం కాదండోయ్, అప్పటికే అందరి చేతుల్లోనూ వాట్సాప్ ఉంది.) ఊరికే ఊరు చూడ్డానికి సొంత డబ్బు పెట్టి విమానం ఎక్కే మనుషులుంటారని మాలో ఎవరికీ తోచదు. నాకు తోచింది, నా ఖర్మ. జింజ్‌లో ఒక సూపర్‌మార్కెట్ కౌంటర్లో డ్యూటీ చేస్తూ, బ్రేకు దొరికినప్పుడల్లా ఫోన్లో వీడియోలు చూసి చూసి, వీపుకి సంచీ తగిలించుకుని ఒంటరిగా దేశాలు తిరిగే ఆడపిల్లనైపోవాలని పిచ్చి పట్టింది. టికెట్ కొనేదాకా నిద్ర పట్టలేదు.

మా తెలుగు క్రైస్తవ సంఘంలో, సెలవు రోజైన శుక్రవారం, ఆరాధన అయ్యాక ఎవరికేం కావాలో చెప్పుకుంటే అందరూ ప్రార్థన చేస్తారు. నేనూ లేచి, కాస్త గొప్పగానే, "వచ్చే వారం బ్యాంకాక్ వెళ్తున్నానండి, నా కోసం ప్రార్థించండి" అన్నాను. హాలంతా ఒక్కసారి చప్పబడిపోయింది. కుళ్ళుకుంటున్నారనుకుని లోపల మురిసిపోయాను. బయటికొచ్చేటప్పుడు మామ్మగారు నా చెయ్యి పట్టుకుంది. మామ్మగారంటే నాకు చుట్టం కాదు. గలాలీలో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసే పెద్దావిడ, మా అందరికీ మామ్మగారే. "ఒక్కదానివేనా?" అంది. ఒక్కదాన్నేనండి అన్నాను. "ఇంట్లో చెప్పావా?" అంది. చెప్తే గోల చేస్తారు, తిరిగొచ్చాక చెప్తానన్నాను. "సామానేం కట్టావే?" అంది. వీపు సంచీ ఒక్కటేనన్నాను. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. "ధైర్యంగా ఉండమ్మా. మా కఫీల్ వాళ్ళమ్మా అక్కడికే వెళ్ళింది, నవ్వుకుంటూ తిరిగొచ్చింది." (కఫీల్ అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని.) ఆయన తల్లి, అంత ముసలావిడ కూడా చూసొచ్చిందంటే ఊరు నిజంగా బాగుంటుందన్నమాట అనుకున్నాను. ఇంత తెలివైనదాన్ని నేను.

బ్యాంకాక్‌లో దిగిన మర్నాడే ఏనుగుల బొమ్మలున్న పంట్లాం కొనుక్కుని, నది మీద పడవెక్కి, మామిడిపండు ముక్కలేసిన కొబ్బరిపాల అన్నం తింటూ ఫోను తెరిచాను. సంఘం గ్రూపులో ఎవరో అడిగారు. "చెల్లీ, కోత పెద్దదా?" పైకి జరిపి చదువుతుంటే నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. గల్ఫ్‌లో డబ్బున్నవాళ్ళు పెద్ద పెద్ద ఆపరేషన్లకి బ్యాంకాక్ వెళ్తారు. మావాళ్ళకి ఆ ఊరు తెలిసింది అలాగే! ఇంటికెళ్ళేవాళ్ళందరిలా అట్టపెట్టెలకి తాళ్ళు కట్టకుండా ఒక్క సంచీతో బయల్దేరానంటే, ఆస్పత్రిలో బట్టలు వాళ్ళే ఇస్తారు కదా అని అనుకున్నారట. అప్పుడే నిజం చెప్పాల్సింది. సిగ్గు అడ్డొచ్చింది. "దేవుని దయవల్ల బాగున్నాను. నా కొరకు ప్రార్థించుట మానకండి" అని పంపేశాను. ఆ రెండో మాట నాది కాదు, మా సంఘంలో అందరి వేళ్ళకీ అలవాటైన మాట. అయ్యగారు (మా పాస్టరుగారు) వెంటనే, సహోదరి కోలుకునేదాకా వంతులవారీగా ఉపవాస ప్రార్థన సాగిద్దామని ప్రకటించేశారు.

ఇక చూడండి నా అవస్థ. పడుకున్న పెద్ద బుద్ధుడి ముందుకెళ్తే, ఆయన హాయిగా పడుకునున్నాడు, మంచం మీద ఉండాల్సిన నేను ఆయన పాదాల దగ్గర నిలబడి ఫొటో దిగుతున్నాను. నేనొక ప్లేటు నూడుల్స్ తినేసరికి అక్కడ ఒకరు పస్తు. రెండ్రోజులు గడిచాక ఒక సాయంత్రం, నది ఒడ్డున పింగాణీ ముక్కలు అతికించిన గోపురం మెట్లెక్కుతుంటే అయ్యగారి మాట ఫోన్లో వినిపించింది. "అమ్మా, మామ్మగారు తన వంతు అయిపోయినా తినట్లేదు. షుగరు మనిషి. పొద్దున వంటింట్లో కళ్ళు తిరిగి కూలబడ్డారు. నువ్వు బాగున్నానని నీ నోటితో చెప్తేగానీ ముద్ద ముట్టనంటున్నారు." ఆ మెట్ల మీదే కూర్చుని వీడియో కాల్ చేశాను.

"కోసేశారా?" అంది, పీల గొంతుతో.

"లేదండి."

"ఎప్పుడు కోస్తారంట?"

"కొయ్యరండి. నాకే జబ్బూ లేదు మామ్మగారూ. చూడ్డానికొచ్చాను."

"ఎవర్ని?"

"ఎవర్నీ కాదండి. ఊరిని."

"ఓసి నీ దుంప తెగ!" అని ఒక్క కేక. "నీ పేగులు బాగుండాలని నా పేగులు మాడ్చుకున్నాను గదే!" నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే చుట్టూ ఉన్న తెల్లవాళ్ళు దారి వదిలి నడుస్తున్నారు. "ముందు తినండి మామ్మగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాను. "తింటాలే, ఆ ఏడుపాపు. అది కాదు, ఆ పంట్లాం మీద ఏనుగులేంటే? సరే, ఆ ఊరేదో నాకూ చూపించు. ఇన్ని పూటల పస్తు ఉత్తినే పోకూడదు." కంచం ముందు పెట్టుకుంది. నేను ఫోను తిప్పి నది చూపించాను, పడవలు చూపించాను, గోపురం కొసదాకా చూపించాను. ముద్ద ముద్దకీ "ఆఁ, తర్వాత?" అనేది. చివర్లో, "ఇక్కడ నేను పనిచేసే ఇంటికి కాస్త దూరంలోనే సముద్రమంట. ఇన్నేళ్ళలో చూద్దువుగాని రమ్మన్నవాళ్ళు లేరు" అంది. మందలించినట్టు కాదు, మామూలుగానే అంది. నాకు మాత్రం అంతకుముందు తిన్న తిట్టే నయమనిపించింది.

నేను తిరిగొచ్చేసరికి సంఘంలో కృతజ్ఞతా కూటం సిద్ధం. (మామ్మగారు నా పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు.) తల దించుకుని, "నాకు ఆపరేషన్ జరగలేదండి" అన్నానో లేదో, వెనక నుంచి ఎవరో "కొయ్యకుండానే నయం చేశాడు, స్తోత్రం!" అన్నారు. హాలంతా చప్పట్లు. కాదు బాబోయ్ అంటే వినరే! మామ్మగారే లేచి, "నయమూ లేదు పాడూ లేదు, దానికున్నది తిరుగుడు జబ్బు" అంటేగానీ ఆగలేదు. అప్పుడు అందరూ నా వైపు చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మరుసటి శుక్రవారం అదే సంచీలో పెరుగన్నం పెట్టుకుని మామ్మగార్ని సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాను. ఇప్పుడావిడ శాశ్వతంగా ఊరెళ్ళిపోయింది. నేను ఇంకా ఇక్కడే ఉన్నాను, సెలవు దొరికితే సంచీ తగిలించుకుంటున్నాను. ఏ ఊళ్ళో దిగినా ముందు ఆవిడకి ఫోను చేసి, "అన్నం పెట్టుకున్నారా?" అని అడిగాకే కెమెరా తిప్పుతాను. ఒంటరిగా దేశాలు తిరిగే ఆడపిల్లనవుదామనుకున్నానా, ఇంతవరకూ ఒక్క ఊరైనా ఒంటరిగా చూసిన పాపాన పోలేదు.