బాణాలకు కట్టిన అడ్డు, బర్రెకు పెట్టిన మేత

ముందే ఒప్పుకుంటున్నాను. నేను నిమ్మకాయను చూసొచ్చి గుమ్మడికాయ అని చెప్పే మనిషిని. మా ఇంట్లో నా మాటను సగానికి కోసి, ఆ సగంలోంచి మరికొంత తీసేసి వింటారు. మీరూ అలాగే చదవండి.

మా ఆవిడది కోదాడ. సూర్యాపేటలో ఆడపిల్లల బడిలో ఆటల టీచరు. ఆ బడి పిల్లలు విలువిద్య నేర్పమని ఆమె వెంటపడ్డారు. నేర్పాలంటే ముందు తాను నేర్చుకోవాలి కదా. కోదాడలో టీచర్లకు శిక్షణ పెట్టి, చివర్లో పరీక్ష ఉంటుందని, అందులో గురి నిలిచిన టీచరు బడికే విల్లులు ఇస్తామని చెప్పారు. ఇంటి దగ్గర సాధనకు ఒక విల్లు, కొన్ని బాణాలు ఇచ్చి పంపారు. ఆ విల్లు గుమ్మం దాటి లోపలికొచ్చిన పూట నుంచి నేను ఆమెతో ఎంత మర్యాదగా మాట్లాడుతున్నానో వేరే చెప్పనక్కర్లేదు.

మా పెరడు చాలా పొడవు. ఈ చివర అన్నం తిని ఆ చివరికి నడిస్తే మళ్లీ ఆకలేస్తుంది. ఆ చివర ఛాతీ ఎత్తు ప్రహరీ గోడ, గోడవతల పక్కింటి అక్క బర్రె. ఆ బర్రె పాలతోనే మా వీధికి తెల్లవారుతుంది. అది ఒక పూట అలిగిందంటే బస్టాండు దాకా జనం టీ లేక తలలకు గుడ్డ కట్టుకుని పడుకుంటారు.

మొదటి సాయంత్రమే అక్క గోడ మీద మోచేతులు ఆనించి నిలబడింది.

"ఏంది తమ్మీ, గిటు దిక్కేనా కొట్టేది?"

"అడ్డం కడుతున్న అక్కా. చీమ కూడా దాటదు."

"చీమల సంగతి నాకెందుకు. నా బర్రె దిక్కు ఒక్క బాణమొచ్చినా ఇగ ఆట బంద్."

మా ఆవిడ విల్లు దించేసింది. "ఆవిడ చెప్పింది న్యాయమేనండీ. అడ్డు సరిగ్గా కట్టందే నేను బాణం ముట్టను."

పరీక్ష దగ్గర పడుతోంది. బడి పిల్లల విల్లులన్నీ వచ్చి నా నెత్తిన కూర్చున్నాయి.

మిర్యాలగూడలో రైసుమిల్లు నడిపే మా బావమరిది ఊక సంచులు పంపాడు. వాటిని గోడ ముందు కొండలా పేర్చాను. అక్క బర్రెను బయటికి తోలుకెళ్లిన సమయం చూసి మా ఆవిడ ఒక బాణం వేసి చూసింది. అది సంచిని చీల్చుకుపోయి గోడకు తగిలింది. ఆ కన్నంలోంచి ఊక ధారగా కారింది, గాలి దాన్ని ఎత్తుకుంది. ఆ పూట మా వీధిలో ఉప్మా తిన్నవాళ్లందరూ సగం ఊకే తిన్నారు.

తర్వాత గరిడేపల్లి నుంచి వరిగడ్డి కట్టలు తెప్పించాను. కోత మిషన్ వెళ్లాక ఇంకో మిషన్ బిగించి చుట్టే కట్టలవి. వాటితో గోలకొండకు తమ్ముడి లాంటి కోట కట్టాను. బాణం దిగబడితే పీకడానికి నేను కాలు తన్నిపెట్టి లాగాల్సి వచ్చేది. ఆమె గురి కుదురుతోంది. నేను వీధిలో ఛాతీ విరుచుకుని తిరిగాను.

ఒక సాయంత్రం ఆమె వదిలిన బాణం కోట పైభాగంలోంచి దూరి, గోడ దాటి, అవతల కుడితి తొట్టిలో పడింది. పరుగెత్తి చూస్తే బర్రె గోడ మీదుగా మెడ చాచి నిదానంగా నములుతోంది. ముందు నుంచి చూస్తే నిండుగా ఉన్న నా కోటను అది ఎన్నాళ్లనుంచో వెనక నుంచి తినుకుంటూ వచ్చింది. బర్రెను కాపాడే అడ్డును బర్రే అరిగించుకుంటోంది. నేను పుట్టింది వరి పండించే ఇంట్లో. బర్రెకు అడ్డుగా గడ్డి పేర్చిన సంగతి మా వాళ్లకు ఇప్పటికీ చెప్పలేదు.

అక్క కుడితి కారుతున్న బాణం పట్టుకుని వచ్చింది.

"అడ్డం తిన్నది నీ బర్రే కదక్కా," అన్నాను.

"నోటికాడ గడ్డి పెట్టి తినకంటే ఇంటదా? అది బర్రె తమ్మీ. మరి నువ్వేంది?"

మా ఆవిడ పెరట్లోకి ఉన్న మా ఇంటి వెనక గోడ వైపు చూసింది. దానికి కిటికీ లేదు, తలుపు లేదు. దానవతల నేను రాసుకునే గది.

"ఇక ఇటు తిప్పుదామండీ. అవతల బర్రె ఉంటే మీరు గడ్డి పేర్చారు. మీరే ఉంటే ఏం పేరుస్తారో చూస్తాను."

అక్క మొహం విప్పారింది. "గట్ల కట్టుర్రి. చూసినంకనే నేను మాట చెప్త."

ఇంట్లో పాత బట్టలన్నీ గోనె సంచుల్లో కూరాను. కూరి, ఎక్కి తొక్కి, మళ్లీ కూరాను. సంచి మీద చెయ్యేస్తే రాయిలా ఉండాలి. వాటిని బల్ల మీద కదలకుండా తాళ్లతో బిగించాను. వాటి వెనక, గోడకు జానెడు ఎడంగా, ఒక మందపాటి జంపఖానాను వదులుగా వేలాడదీశాను. గురి తప్పిన బాణం ఆ వదులు గుడ్డకు తగిలి జోరు చచ్చి కింద పడుతుంది. అది సంచులకంటే ఎత్తుగా, వెడల్పుగా ఉండేలా చూశాను. అయినా నమ్మకం కుదరక ఇంకొకటి వేలాడదీశాను. పెరటి గేటుకు తాళం వేశాను. నా పెళ్లికి కూడా ఇంత శ్రద్ధ పెట్టలేదు.

అక్క వచ్చి సంచిని గుద్ది చూసింది, జంపఖానాను లాగి చూసింది.

"ఈసారి మంచిగ కట్టినవ్. పానం నీదాయె మరి. ఇగ కొట్టమను."

కోదాడలో ఆమె గురి నిలిచింది. బడికి విల్లులొచ్చాయి. ఇప్పటికీ ఆమె రోజూ సాయంత్రం సాధన చేస్తుంది. గోడవతల ధబ్ ధబ్ మంటుంటే నేను నా గదిలో కుర్చీ కదపకుండా, గుండె తొణక్కుండా రాసుకుంటూ ఉంటాను.

ఇందులో అబద్ధం ఆ చివరి మాటే. బర్రె తిన్నది నిజం, కుడితి తొట్టి నిజం. కానీ ఆమె విల్లు తీయగానే నేను పక్కింటి కొట్టంలో ఉంటాను, బర్రెకు గడ్డి వేస్తూ. ఇప్పుడు అన్నిటికంటే భద్రమైన చోటు అదే.