ఏడున్నర సీరియల్‌లో నల్లచీర

నాకు అనుమానం ఎక్కువ. అది మా అమ్మ నుంచి వచ్చిన గుణం. మిర్యాలగూడలో మా అమ్మ రోజూ మధ్యాహ్నం నోటుబుక్కు పట్టుకుని టీవీలో వంటల ప్రోగ్రాం చూస్తుంది. కానీ అందులో చెప్పింది చెప్పినట్టు ఒక్కనాడూ చేయదు. "అంతా చెప్తరా వాళ్లు? ఒక్కటి దాస్తరు. గది తెల్వకనే మనకు ఆ రుచి రాదు" అంటుంది. దాచిన ఆ ఒక్కటి ఏమిటో పట్టుకోవడానికే ఇన్నేళ్లుగా ఆ ప్రోగ్రాం వదలకుండా చూస్తోందని నా నమ్మకం.

నాకు ఇష్టమైంది నేరాల ప్రోగ్రాం. అందులో నల్లకోటు వేసుకున్న ఒకాయన చివర్లో వేలు చూపిస్తూ, నేరస్తుడు మీ పక్కింట్లో ఉండవచ్చు, మీ ఇంట్లోనే ఉండవచ్చు అంటాడు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నేను ఇల్లంతా ఒకసారి కలయజూస్తాను. నేను మోతె దగ్గర ఒక ఊళ్లో టీచర్ని. పరీక్షల్లో నేను నిలబడిన గదిలో చిట్టీ తీసినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

కాపురం సూర్యాపేటలో. ఇంట్లో అత్తమ్మ, మా ఆయన, నేను, రెండేళ్ల మా పాప. మా ఆయన నేరేడుచర్లలో రైస్‌మిల్లులో పని చేస్తాడు. పొద్దున్నే ఆయన బస్సెక్కితే, నేను పాపను అత్తమ్మ ఒళ్లో పెట్టి ఆటో ఎక్కుతాను. సాయంత్రం దాకా పాప ఆమె చేతిలోనే.

మా వీధిలో అత్తమ్మకు పెద్ద పేరుంది. ఏడున్నర సీరియల్ కథ ఆమె చెప్పాలి, వీధి వినాలి. రోజు విడిచి రోజు వీధి నల్లాలో నీళ్లు వస్తాయి. బిందెలు వరసలో పెట్టి ఆడవాళ్లు "రాత్రి ఏమైంది పెద్దమ్మా?" అని మొదలుపెడతారు. అత్తమ్మ ఆడవిలన్ గొంతు పెడుతుంది, ముసలాయన దగ్గు దగ్గుతుంది, పెళ్లికూతురు ఏడుపు ఏడుస్తుంది. సీరియల్ చూసినవాళ్లు కూడా నిలబడి వింటారు. చూసిందే మళ్లీ వినడం ఎందుకని నాకు చాలాకాలం అర్థం కాలేదు. తర్వాత గమనించాను. ఆ విలన్‌ను నలుగురూ కలిసి తిట్టుకుంటారు. ఇంట్లో ఎవరినీ అనలేని మాటలన్నీ ఆ విలన్ మీద పోసి, తేలికపడి బిందెలెత్తుకుంటారు.

నాకు మాత్రం సీరియళ్లంటే చులకన. మనసులో మాట కూడా పైకే చెప్తారు, తలుపు తీస్తే ఉరుము, మూతి తిప్పితే మెరుపు. ఒకరోజు అత్తమ్మ చూస్తుంటే, "గీ సీరియల్ కండ్లు మూసుకొని సూసినా కథ తెలుస్తది అత్తమ్మా" అని నవ్వాను. ఆమె ఉలిక్కిపడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "నేను కండ్లు మూసుకుంటున్ననా?" అని గట్టిగా అడిగింది. అంత కోపం దేనికని ఆ పూటే నాకు అనుమానం వచ్చింది.

ఆ తర్వాత ఫోన్ మొదలైంది. ఏడున్నర కాగానే అత్తమ్మ కోదాడలో ఉన్న తన చెల్లెలికి, మా చిన్నత్తమ్మకు, ఫోన్ చేసి చెవికి ఆనించుకునేది. సీరియల్ నడిచిన అరగంటా ఫోన్ చెవి దగ్గరే. నేను వంటింట్లోంచి వస్తే మాట మారేది. "సరే చెల్లె, పొయ్యి మీద పప్పుంది" అని పెట్టేసేది. పొయ్యి మీద పప్పు పెట్టింది నేను, దింపింది నేను. ఒకనాడు నేను చెప్పులు చేత పట్టుకుని, చప్పుడు కాకుండా వరండాలో నిలబడ్డాను. లోపల నుంచి స్పష్టంగా వినబడింది.

"ఎవ్వలకు చెప్పకు. కోడలికి తెలిసిందంటే ఇగ ఖతం."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాత్రే మా అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "అత్త మంచి, వేముల తీపు యాడన్న ఉంటదా బిడ్డా? నోరు మూసుకొని సూస్తనే ఉండు" అంది.

చూశాను. బడి డైరీ వెనక పేజీల్లో తారీఖులు వేసి రాసుకున్నాను కూడా. అన్నంలో రాళ్లు వస్తున్నాయి, బియ్యం ఏరింది అత్తమ్మ. నేను కొత్త చీర కట్టుకుని ఎట్లుందని అడిగితే, నా వైపు కాక ద్వారబంధం వైపు చూస్తూ "మంచిగుంది" అంది. పొద్దుగూకితే గేటు దాకా రాదు, పాలతను పిలిచినా పలకదు. కుర్చీ జరుపుకుని జరుపుకుని టీవీకి మూరెడు దూరంలో కూర్చుంటోంది, వెనక ఉన్నవాళ్లకు బొమ్మ కనబడకుండా. పాప కాళ్లకు పెద్ద గజ్జెల పట్టీలు కొనేదాకా మా ఆయన్ను వదల్లేదు. రాళ్లు నా వంటకు పేరు చెడగొట్టడానికి, చీర నన్ను చిన్నబుచ్చడానికి, పట్టీలు వీధిలో గొప్పకు అని ప్రతిదాని పక్కనా కారణం కూడా రాశాను. మా ఆయనకు చూపిస్తే, "ముందు ఆ నల్లకోటాయన్ను బంద్ జెయ్. ఇంట్ల మనశ్శాంతి ఉంటది" అన్నాడు. తల్లీ కొడుకులు ఒకటేనని అది కూడా రాశాను.

ఇలా ఆరు నెలలు గడిచాక సీరియల్‌లో పెళ్లి వచ్చింది. ఆ పెళ్లికి విలన్ పెళ్లికూతురిలా ఎర్రటి పట్టుచీర కట్టుకుని దిగింది. పీటల మీద తానే కూర్చోవాలని ఆమె పన్నాగం. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, నా కళ్లతో చూశాను. కుంకుమంత ఎర్రగా ఉంది చీర.

మర్నాడు నల్లా దగ్గర అత్తమ్మ కథ అందుకుంది. "పెండ్లింట్లకు నల్లచీర కట్టుకొచ్చిందమ్మా! దానికి సిగ్గుందా, శరముందా?"

ఎదురింటామె బిందె తిప్పుతూ, "నల్లది కాదు పెద్దమ్మా, ఎర్రది" అంది.

"నీ కండ్లల్ల ఏం బడ్డది? నల్లదే. పెండ్లి చెడగొట్టనీకే నల్లది కట్టింది."

ఇంకో ఇద్దరు కూడా ఎర్రదే అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. అత్తమ్మ ముఖం చిన్నబోయింది. బిందె సగం కూడా నిండకముందే తీసుకుని లోపలికి వచ్చేసింది. నేను గేటు దగ్గర నిలబడి అంతా చూశాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. దొరికింది అనుకున్నాను, ఏం దొరికిందో తెలియకపోయినా.

తొమ్మిదేళ్లుగా పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. సరైన జవాబు ఇద్దరు రాస్తే అందులో వింత లేదు. ఇద్దరు ఒకే తప్పు రాశారంటే, ఒకరిది చూసి ఒకరు దించినట్టే. ఆ రోజు ఆటోలో కూర్చుని అదే ఆలోచించాను. ఎర్రది నల్లదెలా అయింది? ఈ తప్పు ఎవరిది?

రెండో పీరియడ్‌లో బోర్డు మీద రాస్తుండగా తట్టింది. కోదాడలో చిన్నత్తమ్మ టీవీలో ఎరుపు రాదు. దసరాకు పోయినప్పుడు చూశాం. అందులో కుంకుమ కాటుకలా ఉంటుంది, మిరపకాయలు బొగ్గుల్లా ఉంటాయి. కొత్తది కొనొచ్చు కదా అంటే, "బొమ్మ పడుతుంది కదమ్మా, చాల్లే. రంగుల్తో మనకేం పని?" అని చిన్నత్తమ్మ కొట్టిపారేసింది. ఆ నల్లచీర ఆ టీవీలోది. మా ఇంట్లో అంత పెద్ద టీవీ మూరెడు దూరంలో పెట్టుకుని, అత్తమ్మ దానిలో ఏముందో కోదాడను అడిగి తెలుసుకుంటోంది.

చాక్‌పీసు పక్కన పెట్టాను. డైరీ వెనక పేజీ తీశాను. రాళ్లు, చీర, గేటు, కుర్చీ, పట్టీలు. అన్నీ ఉన్నాయి. కారణాలే ఒక్కటీ సరైనది లేదు.

ముందు నాకు అత్తమ్మ మీద జాలి కలగలేదు. భయం వేసింది. పాప గుర్తొచ్చింది. కళ్లు కనబడని మనిషి చేతిలో నా బిడ్డ ఇన్ని నెలలు ఉంది. నాకు కడుపునొప్పి అని హెడ్మాస్టర్‌కు చెప్పి, దొరికిన ఆటో ఎక్కి ఇంటికి పరుగెత్తాను.

తలుపు లోపల గడియ పెట్టి ఉంది. కిటికీలోంచి చూశాను. స్టూళ్లు, కుర్చీలు అన్నీ గోడకు జరిపి ఉన్నాయి. గది మధ్యలో చాప. చాప మీద అత్తమ్మ కూర్చుని ఉంది. తన చీరకొంగును పాప గౌను నడుంపట్టీకి ముడేసుకుంది. పాప అటు నడిస్తే గజ్జెల చప్పుడుకు తల అటు తిప్పుతోంది, ఇటు వస్తే ఇటు తిప్పుతోంది. నేను పోయాక పొయ్యి కూడా వెలిగించినట్టు లేదు, పక్కన చద్దన్నం గిన్నె ఉంది. ఆ ముడి చూశాక తలుపు తట్టాను.

ఆమె గడియ తీశాక లోపలికి పోయి, చాప మీద ఆమె ఎదురుగా కూర్చున్నాను. "అత్తమ్మా, మీకు ఎప్పటిసంది కనబడ్తలేదు?"

ఆమె బుకాయించలేదు. ముందు కొంగు ముడి తడిమి, బిగుతుగా ఉందని చూసుకుంది. "ఎడమది మసకైతే చానా రోజులాయె. కుడిదాంట్ల పొగ లెక్క ఉంటది" అంది. "చెల్లెకు తప్ప ఎవ్వలకు చెప్పలే."

"నాకెందుకు చెప్పలే? నేనేమన్న తింటనా?"

"నువ్వే అన్నవ్ గద బిడ్డా."

ఏమన్నానో నాకు గుర్తులేదు. ఆమెకు పొల్లుపోకుండా గుర్తుంది. ఏడాది కింద నడిగూడెంలో చుట్టాలింట్లో చూపు ఆనని ఒక ముసలామె చేతిలోంచి పిల్లవాడు జారి పడ్డాడు. ఆ ఇంటి నుంచి వచ్చి నేను ఈ గదిలోనే నిలబడి, "కండ్లు కనబడనోళ్ల చేతికి పిల్లనెట్ల ఇస్తరు? తెలివుందా వాళ్లకు?" అని అరిచానట. పాప అప్పుడు ఆమె ఒళ్లోనే ఉందట.

"దవాఖానకు పోతే తెలుస్తది. తెలిస్తే పిల్లనియ్యవ్" అంది అత్తమ్మ. "గందుకే పోలే."

ఆ వారమే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. కుడికన్నుది శుక్లం, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నాడు. ఎడమకంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందట, అది ఇక రాదట. "ఒక ఆరు నెలల ముందు తెచ్చినా కొంత నిలిచేది" అన్నాడు. ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ ఆమెను నాకన్నా శ్రద్ధగా కనిపెట్టి చూసినవాళ్లు మా ఇంట్లో లేరు. తారీఖులతో సహా రాసుకున్నాను. బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మా ఆయన డైరీ సంగతి ఎత్తలేదు. ఎత్తినా బాగుండేదనిపించింది.

ఎండాకాలం సెలవుల్లో కుడికంటికి ఆపరేషన్ అయింది. కొన్ని వారాలు టీవీ వైపు చూడొద్దన్నారు. ఆమె నల్ల అద్దాలు పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చునేది, నేను టీవీ చూసి కథ చెప్పేదాన్ని. నాలుగు రోజులు చెప్పేసరికి నాకే విలన్ మీద పళ్లు నూరుకోవడం అలవాటైంది. ఆ సీరియల్‌లో ఎవరు ఏం దాచినా చూసేవాళ్లకు ముందే తెలుస్తుంది, అనుమానపడితే అది ఎప్పుడూ నిజమే అవుతుంది. జనానికి అది ఎందుకు ఇష్టమో నాకు బాగానే అర్థమైంది. ఇంట్లో మనుషుల మీద అనుమానం అలా కుదరదని నాకన్నా ఎవరికి తెలుసు?

ఇప్పుడు అనుమానం ఆమె వంతు. "చీర ఆకుపచ్చదేనా? నిజమే చెప్తున్నవా?" అని అడిగేది. నాలుగుసార్లు చెప్పినా నమ్మక కోదాడకు ఫోన్ కలిపేది. ఒకనాడు ఫోన్‌లో చిన్నత్తమ్మ, "నల్లదే, చెప్తున్నా కదక్కా" అంటుంటే నేను వెనక నుంచి, "మీ టీవీల ఎరుపు రాదు చిన్నత్తమ్మా! అది ఎర్రది!" అని అరిచాను. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ పడి పడి నవ్వారు.

జూన్‌లో బడి తెరిచారు. మొదటిరోజు పొద్దున పాపకు గౌను తొడిగి తీసుకొచ్చాను. ఆపరేషన్ తర్వాత పాపను ఆమెకు ఒక్కదానికే వదిలి పోవడం అదే మొదటిసారి. కొత్త కళ్లద్దాలు పెట్టుకుని అత్తమ్మ గడపలో కూర్చుంది. నా అడుగు ముందుకు పడలేదని ఒప్పుకుంటాను. డాక్టర్ చూపు వచ్చిందన్నాడు, ఆమె వచ్చిందంది. అయినా నా గుణం నాది.

అత్తమ్మ ఎడమవైపు ఉన్న పాప కోసం మెడ పూర్తిగా ఇటు తిప్పి, కుడికంటితో గౌనును పైనుంచి కిందకు చూసింది.

"ఎర్రగౌను మంచిగుంది. ఎనక గుండీ ఊడితే పిన్నీసు పెట్టినవ్. గది పిల్ల వీపుల గుచ్చుకోదా? సదువుకున్నవ్, గింత తెల్వదా నీకు?"

పెళ్లయిన నాటి నుంచి ఆమె నన్ను చాలా తిట్లు తిట్టింది. ఇంత ఇష్టంగా విన్నది ఇదొక్కటే. పిన్నీసు తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె కొంగు చివర తీసి గౌను పట్టీకి ముడేయబోతుంటే, వద్దని చెయ్యి పట్టుకున్నాను.

"ఇగ ముడెందుకు అత్తమ్మా?" అన్నాను.

పాపను ఆమె ఒళ్లో కూర్చోబెట్టి, వెనక్కి చూడకుండా ఆటో ఎక్కాను.